బ్రహ్మకమలం విచ్చుకోవడం టైమ్‌లాప్స్ (గంటల తరబడి జరిగేదాన్ని నిమిషంలో చూపించే వీడియో) తీయాలంటే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉండాల్సిందేనా?

అక్కర్లేదండీ, ఫోన్ చాలు. కావాల్సిందల్లా మారని వెలుతురు, కుండీ జోలికి రాని ఇంట్లోవాళ్లు. ఈ రెండోది ఏ షాపులోనూ దొరకదు.

మా రాజమండ్రి ఇంట్లో అమ్మ పెంచే మొక్క ఉంది. (అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లోది, మనం పెంచేది నాగజెముడు చుట్టం, ఈ మాట అమ్మ ముందంటే ఆ పూట అన్నం ఉండదు.) పోయినేడు జూలైలో మొగ్గ ఆ రాత్రికి విచ్చుకునేలా ఉంటే ఏడున్నరకే ట్రైపాడ్ వేసి డీఎస్‌ఎల్‌ఆర్ పెట్టి 15 సెకన్లకో ఫొటో అని సెట్ చేశా, అంటే గంటకి 240, ఆరు గంటలకి 1440, సెకనుకి 24 చొప్పున నడిపితే సరిగ్గా నిమిషం వీడియో. ఫోకస్, ఐఎస్‌ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ లాంటి వెలుతురు, రంగుల సెట్టింగులన్నీ లాక్, ఆటోలో వదిలేస్తే వీడియో పాడైపోయిన ట్యూబ్‌లైట్‌లా కొట్టుకుంటుంది. బ్యాటరీ బదులు కరెంటు అడాప్టర్. ఇంత చేసి నేను భోజనానికి వెళ్లా.

పదీ ఇరవైకి వచ్చి చూద్దును కదా, బాల్కనీలో ఆరుగురు ఆంటీలు! అమ్మే ఫోన్లు చేసి పిలిచిందట. హారతి అవుతోంది. ఒకావిడైతే "పువ్వు మొహం గోడవైపుంది బాబూ, ఫొటో ఎలా పడుద్ది" అని కుండీ తిప్పేసి మరీ నాకు సాయం చేసింది. వీడియోలో 28వ సెకను దాకా రేకులు మెల్లగా జరుగుతుంటాయి, తర్వాత ఒక నారింజ రంగు మెరుపు, ఒక మోచెయ్యి, ఆపైన పువ్వు మనకి వీపు చూపిస్తూ విచ్చుకుంటుంది. 1910లోనే పెర్సీ స్మిత్ అనే లండన్ ఆయన పువ్వులు విచ్చుకోవడం సినిమా తీశాడు, ఆయనకి ఇలాంటి పక్కిళ్లు లేవేమో.

ఇంకో మొగ్గ ఆగస్టులో వస్తే కుండీ నా గదిలోకి మోసుకొచ్చి, తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, ఒక్క టేబుల్ లైటు వేసి ఐఫోన్‌తో తీశా. స్క్రీన్ మీద మొగ్గ దగ్గర నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. ఎన్ని గంటలు తీసినా ఫోనే ఫొటోల మధ్య గ్యాప్ పెంచుకుంటూ పోయి అర నిమిషం అటూఇటుగా వీడియో ఇస్తుంది, అది నాకు నచ్చదు గానీ పనైపోతుంది. మొగ్గ చుట్టూ మాత్రం బోలెడు ఖాళీ వదలండి, విచ్చుకున్నాక జానెడు అవుతుంది, రేకులు ఫ్రేము దాటిపోతాయి. ఫ్యాన్ వేయకూడదు. ఆ రాత్రి చెమటకి బనియన్ పిండుకున్నా.

ఇంత కష్టపడి పెడితే "ఏఐ కదా బ్రో" అని కామెంట్లు, నీలం రంగు బ్రహ్మకమలం రీల్‌కేమో లక్ష లైకులు. నీలం రంగు ఎక్కడుందండీ అసలు?

అమ్మ మాత్రం చుట్టాలందరికీ ఆ మోచెయ్యి వీడియోనే పంపింది, హారతి పడిందని.