బిల్లు పడలేదని మూడు రూపాయల వడ్డీకి పోవద్దు

నల్గొండ జిల్లా నుంచి ఒకరు రాశారు: "అమ్మానాన్న వ్యవసాయ కూలీలు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని పాత పెంకుటిల్లు పడగొట్టేశారు. బేస్‌మెంట్ అయి రెండు నెలలైనా ప్రభుత్వం ఇచ్చే బిల్లు (మొదటి విడత డబ్బు) పడలేదు. ఇప్పుడు పక్కింటి రేకుల షెడ్డులో ఉంటున్నాం. ఊళ్ళో ఒకాయన 2 లక్షలు మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు, ఇంటి జాగా కాగితం మాత్రం తన దగ్గర పెట్టమంటున్నాడు. తీసుకుని గోడలు లేపమంటారా?"

తీసుకోవద్దండీ. 2 లక్షలకు మూడు రూపాయలంటే నెలకు 6 వేలు, ఆరు నెలలకు 36 వేలు. ప్రభుత్వం ఇచ్చేది మొత్తం 5 లక్షలు, అదీ నాలుగు విడతల్లో. ఆలస్యమైనందుకు వాళ్ళేమీ వడ్డీ కట్టివ్వరు కదా, ఆ 36 వేలు మీ అమ్మానాన్నల కూలి డబ్బుల్లోంచే పోవాలి. నాట్లు, కోతలు లేని నెలల్లో ఆ 6 వేలు ఎక్కడి నుంచి తెస్తారు?

ముందు బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోండి. పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళి బేస్‌మెంట్ ఫొటో యాప్‌లో ఎక్కిందా, హౌసింగ్ ఏఈ (ఇళ్ళ పని చూసే ఇంజినీరు) ఓకే చేశారా అని సూటిగా అడగండి. అది తేలకముందే గోడలు లేపేస్తే తర్వాత కొలతల దగ్గర కొత్త పేచీ. ఇల్లు 600 చదరపు అడుగులు దాటినా ఇబ్బందే, మేస్త్రి మాట విని ఒక గది పెంచిన వాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కున్నారు. ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింకైందో కూడా చూడండి, ఎప్పుడో తెరిచి వదిలేసిన పాత ఖాతాకు ఉంటే డబ్బు మీ చేతికి రాదు. అన్నీ సరిగ్గానే ఉన్నా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్ళి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఫోన్లు చేసి ఊరుకుంటే లాభం లేదు.

అయినా అప్పు తప్పదంటారా, అమ్మగారు మహిళా సంఘంలో ఉంటే అక్కడ అడగండి. లేదా కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెడితే వడ్డీ మామూలుగా రూపాయి లోపే ఉంటుంది. గోడలకు సరిపడా మాత్రమే తీసుకోండి, స్లాబుకు కాదు. గోడలు సగంలో ఆగినా నష్టం లేదు, కానీ స్లాబు ఒక్కరోజులో పోయాల్సిందే. సిమెంటు, స్టీలు, కూలీల డబ్బు అన్నీ చేతిలో ఉన్నాకే ఆ రోజు పెట్టుకోండి. అప్పటిదాకా మేస్త్రి తొందరపెట్టినా, 'వేరే పని ఒప్పుకుంటా' అని బెదిరించినా ఆగండి, ఆయన మళ్ళీ వస్తాడు.

ఆ జాగా కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. చూపించమన్నా జిరాక్స్ చాలు.