బరువు ఏ కాలు మీద ఉంది?

విశాఖపట్నం

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన బొమ్మల కథ రెండుసార్లు చదివాను. మాటలు బాగున్నాయి. కూర్మన్నపాలెం బస్టాపులో ఎదురుచూసే అమ్మ, షిఫ్టు దిగి వచ్చే నాన్న, వాళ్లిద్దరూ ఎప్పుడూ ఎత్తని ఆ విషయం, ఇవన్నీ నీ సొంతం. వాటిలో నేను వేలు పెట్టను. బొమ్మల గురించే రాస్తున్నాను. నీ కథలో మనుషులు చక్కగా మాట్లాడుతున్నారు గానీ, ఇంకా నిలబడటం లేదు.

పేజీలన్నీ వరసగా పరుచుకుని ఒకసారి చూడు. చేతులు జేబుల్లో ఉన్నాయి, లేదంటే వెనక్కి కట్టుకుని ఉన్నాయి. పాదాలు ఫ్రేము కింద తెగిపోయాయి, లేదంటే గడ్డిలో మునిగిపోయాయి. ముఖాలన్నీ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. గీయడం కష్టమనిపించిన చోటల్లా దాటేశావు. కొత్తలో అందరూ చేసేదే ఇది, టెన్షన్ పడకు. కానీ నువ్వు కథ చెప్పదలుచుకున్నదానివి. చేతులూ పాదాలూ కనిపించకపోతే, మనిషి ఏం చేస్తోందో చెప్పే పనంతా డైలాగు మీద పడుతుంది.

నాలుగో పేజీలో అమ్మ బొమ్మే తీసుకో. పైన 'ఆమె చాలా అలిసిపోయింది' అని రాశావు. కింద ఆమె పాస్‌పోర్టు ఫోటోకి నిలబడినట్టు, భుజాలు సమంగా, రెండు కాళ్ల మీదా ఒకే బరువుతో ఉంది. అరగంటగా బస్సు కోసం చూస్తున్న మనిషి అలా నిలబడదు. బరువంతా ఒక కాలు మీదకి తెస్తుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. రెండో మోకాలు సడలుతుంది, ఆ చెప్పులోంచి మడమ కాస్త బయటికి వస్తుంది. సంచీ పట్టుకున్న చెయ్యి కిందికి సాగుతుంది, ఆ బరువుని ఆపడానికి ఒళ్లు రెండో వైపుకి వాలుతుంది. ఇదంతా బొమ్మలోకి వస్తే పైన రాసిన వాక్యం కొట్టెయ్యొచ్చు. రాసేవాళ్లు బొమ్మ నేర్చుకోవడంలో ఉన్న గొప్ప లాభం ఇదేనని నేను నమ్ముతాను.

అందుకే ఎవరిని గీయబోయినా, పెన్సిల్ కాగితం మీద పెట్టకముందు ఒక ప్రశ్న వేసుకో: బరువు ఏ కాలు మీద ఉంది? కూర్చున్నవాళ్లయితే, ఎక్కడ ఆనింది? సరిచూసుకోవడానికి పెన్సిల్‌ని నిలువుగా ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూడు. ఒక కాలి మీద బరువేసి ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు గుంట నుంచి నిట్టనిలువుగా గీత దించితే, అది ఆ పాదం దగ్గరకే వస్తుంది. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడితే పాదాల మధ్యకి వస్తుంది. ఆ గీత పాదాలు దాటి బయటికి పోయిందంటే ఆ మనిషి దేనికో ఆనుకుని ఉండాలి, కదులుతూ ఉండాలి, లేదా పడిపోతూ ఉండాలి. మన శిల్పులకి ఈ లెక్క బాగా తెలుసు. సింహాచలం వెళ్లినప్పుడు 13వ శతాబ్దం నాటి ఆ గుడి గోడల మీది శిల్పాలు చూడు. త్రిభంగిలో నిలబడ్డ బొమ్మలో తల ఒక పక్కకి, నడుము ఇంకో పక్కకి, కాళ్లు మళ్లీ మొదటి పక్కకి వంగుతాయి, అయినా బొమ్మ తూలదు. అక్కడ కూర్చుని గీయొద్దు. బాగా చూసి, కొండ దిగాక గుర్తున్నంత గియ్యి. ఏది గుర్తు లేదో అది నువ్వు సరిగ్గా చూడలేదని తెలుస్తుంది.

ఇక సాధన. రోజూ అరగంట చాలు. ఆదివారం పూట ఐదు గంటలు కూర్చుని మిగతా వారమంతా పెన్సిల్ ముట్టుకోకపోవడం వల్ల పెద్దగా రాదు. రోజూ గీసే మనిషి గీయనప్పుడు కూడా చూస్తూనే ఉంటుంది. బస్సులో రాడ్ పట్టుకుని వేలాడే చెయ్యి, టీ కొట్టు దగ్గర ఒక కాలు మడిచి గోడకి ఆనించిన కుర్రాడు, అన్నీ కంట్లో పడుతుంటాయి. అసలు చదువు అక్కడే జరుగుతుంది.

ఆ అరగంటలో మొదట పది బొమ్మలు, ఒక్కోటి ఒక్క నిమిషం. ఫోన్‌లో టైమర్ పెట్టుకో. ముఖం వద్దు, వేళ్లు వద్దు. తల నుంచి వెన్ను మీదుగా బరువున్న పాదం దాకా ఒక్క గీత, తర్వాత భుజాల వాలు, తుంటి వాలు. టైము మిగిలితే చేతులు, కాళ్లు. ఆ తర్వాత రెండు బొమ్మలు ఐదేసి నిమిషాలు. వీటిలో పక్కటెముకల గూడుని ఒక పెట్టెగా, కటి భాగాన్ని ఇంకో పెట్టెగా వెయ్యి. ఏ పెట్టె ఎటు తిరిగి ఉందో, ఎంత వంగిందో చూడు. మనిషి మెలి తిరిగినా వంగినా కదిలేది ఆ రెంటి మధ్య ఉన్న నడుమే. చివరి పది నిమిషాలూ ఒకే బొమ్మకి ఇవ్వు, అప్పుడు బట్టలు, చేతులు, పాదాలు వేసుకోవచ్చు.

రబ్బరు ఇంట్లో వదిలెయ్యి. తప్పు గీత అలాగే ఉండనిచ్చి, పక్కన సరైనది వెయ్యి. రెండూ కళ్లముందుంటేనే ఎంత తేడా వచ్చిందో అర్థమవుతుంది. ఖరీదైన కాగితం కూడా వద్దు, చెయ్యి భయపడుతుంది. ఒక పక్క ప్రింటైన ఆఫీసు కాగితాలు అట్టకి క్లిప్పు పెట్టుకుంటే చాలు. బాల్ పెన్ మంచిదే. బీచ్‌లో గాలికి కాగితాలు లేస్తాయి కాబట్టి కింద కూడా ఒక క్లిప్పు కావాలి. మన ఊరి ఉక్కకి అరచెయ్యి చెమటపట్టి, ఫోర్‌బీ (4B) లాంటి మెత్తటి పెన్సిల్ గీతలు అలుక్కుపోతాయి, చేతి కింద ఒక చిన్న కాగితం ముక్క ఉంచుకో. ప్రతి పేజీకీ మూల తారీఖు వెయ్యి.

మోడల్స్ ఎక్కడ దొరుకుతారని అడిగావు. విశాఖలో ఉండి ఆ బెంగ ఎందుకమ్మా! పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్లు. వ్యాయామం చేసేవాళ్లు ఒకే కదలికని మళ్లీ మళ్లీ చేస్తారు. చెయ్యి పైకెత్తినప్పుడు సగం గీసి, అది మళ్లీ పైకి లేచేదాకా ఆగి మిగతా సగం గియ్యి. కదిలే మనిషిని గీయడానికి ఇంతకన్నా మంచి మొదలు లేదు. కదలనివాళ్లు కావాలంటే ఆ రోడ్డు పొడవునా విగ్రహాలున్నాయి. ఒకే విగ్రహాన్ని నాలుగు వైపుల నుంచీ గియ్యి. ద్వారకా బస్టాండులో సామాను మీద తల పెట్టి నిద్రపోయేవాళ్లు, బెంచీ మీద జారగిలబడ్డవాళ్లు దొరుకుతారు. ఫిషింగ్ హార్బర్ అయితే పెద్ద బడే. వల బాగుచేసే మనిషి కాళ్లు చాచి కూర్చుని, వలని కాలి బొటనవేలితో బిగించి పట్టుకుంటాడు. వెన్ను ఎక్కడ వంగుతుందో, బరువు నేల మీద ఎక్కడ ఆనిందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. తల మీద చుట్టకుదురు, దాని మీద చేపల గంప పెట్టుకుని నడిచే ఆమెని చూడు. మెడ నిటారుగా ఉంటుంది, తల కదలదు, కదలికంతా నడుము కిందే. 

వాళ్లు పనిలో ఉన్నారన్నది మాత్రం మర్చిపోకు. దారికి అడ్డం కూర్చోకు. ఎవరైనా మొహం చిట్లిస్తే పుస్తకం మూసెయ్యి. ఎవరైనా వచ్చి చూపించమంటే చూపించు, అడిగితే ఆ కాగితం ఇచ్చెయ్యి.

కొలతలు తెలిసి ఉండాలి. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఏడాది పిల్లలు నాలుగు తలలకి కాస్త అటూ ఇటూ. నువ్వు చిన్నపిల్లల్ని గీస్తే పొట్టి పెద్దవాళ్లలా వస్తున్నది ఇందుకే, వాళ్ల తల చిన్నదైపోతోంది. నిలబడ్డ పెద్దమనిషి ఎత్తులో సగం నడుము దగ్గర రాదు, ఇంకా కింద, తొడలు మొదలయ్యే చోట వస్తుంది. మన శిల్పశాస్త్రంలో ముఖం పొడవుని తాళం అంటారు. ఒక తాళానికి 12 అంగుళాలు, ఈ అంగుళం వేలి కొలత. విగ్రహాన్ని బట్టి ఎత్తుని నవతాళం (తొమ్మిది తాళాలు), దశతాళం (పది తాళాలు) అని లెక్క కడతారు. ఇవన్నీ గీశాక సరిచూసుకోవడానికి పనికొస్తాయి. వీటితోనే మొదలుపెడితే బొమ్మ బిగుసుకుపోతుంది. పైగా మనిషి కూర్చున్నా, నీ వైపు చెయ్యి చాచినా ఆ లెక్కలు కుదరవు. నీకేసి చాచిన చెయ్యి కురచగానే కనిపిస్తుంది, కనిపించినంతే గియ్యి.

చీర కట్టిన మనిషిని గీయడం కష్టంగా ఉందన్నావు. గుడ్డ ఒంటిని ఎక్కడ తాకుతోందో ముందు వెతుకు: భుజం, తుంటి, ముందుకొచ్చిన మోకాలు. మడతలు అక్కడినుంచే బయల్దేరుతాయి. లోపల కాలు ఎటుందో తెలియకుండా కుచ్చిళ్లు గీస్తే ఎన్ని గీతలు పెట్టినా అది ఖాళీ గుడ్డే.

చేతులకి నీ ఎడమ చెయ్యే మోడల్. చెయ్యి పెద్దదే సుమా, గడ్డం నుంచి జుట్టు మొదలయ్యేదాకా ముఖాన్ని కప్పుతుంది. ముందు అరచెయ్యి, తర్వాత నాలుగు వేళ్లూ కలిపి ఒకే ముద్ద, బొటనవేలు విడిగా. వేళ్లు విడదీయడం చివర. పాదం పొడవు మోచెయ్యి మడత నుంచి మణికట్టు దాకా ఉన్నంత. చీలమండ దగ్గర లోపలి ఎముక ఎత్తులో, బయటి ఎముక దిగువన ఉంటుంది. ఆ చిన్న ఏటవాలు పడితే పాదం నేల మీద నిలుస్తుంది.

బాపు గారి గీత చూసి గీస్తున్నానన్నావు. చూడు, ఆనందించు. కానీ ఆయన ఒక్క గీతతో తేల్చేసిన చోట ఎంత చూసి ఎంత వదిలేశారో కాపీ చేస్తే తెలియదు. బతికున్న మనిషిని గీసి, ఎక్కడో చిక్కుకుని, ఆ చిక్కుతో ఆయన దగ్గరికి వెళ్లు, అప్పుడు చాలా దొరుకుతుంది. మన పక్కనే కశింకోటలో ఉండి చందమామకి ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారి ఆడవాళ్లు ఎలా నిలబడతారో కూడా అలాగే చూడు. వీలు చూసుకుని రాజమండ్రి వెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసిరా. 1925లో, 28 ఏళ్లు నిండకముందే పోయిన మనిషి ఆయన. అచ్చులో చూడటం వేరు, అసలు బొమ్మ ముందు నిలబడటం వేరు.

మన ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. అక్కడి పిల్లలతో పరిచయం పెంచుకో. నలుగురు కలిస్తే ఒకరు నిలబడొచ్చు, ముగ్గురు గీయొచ్చు. అలా నిలబడే వంతు నువ్వూ తీసుకో. ఒక కాలి మీద బరువేసి పది నిమిషాలు కదలకుండా ఉంటే ఏ కండ ముందు నొప్పెడుతుందో నీకే తెలుస్తుంది, తర్వాత గీసేటప్పుడు నీ గీత అక్కడ గట్టిగా పడుతుంది.

కొన్ని వారాలకి నీ బొమ్మలు ముందుకంటే అధ్వాన్నంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కన్ను ముందు ఎదిగి చెయ్యి వెనకబడినప్పుడు అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో నిమిషం బొమ్మలు మాత్రమే గియ్యి, పెద్దవి పక్కన పెట్టు.

నెల తర్వాత పేజీలు పంపు. బాగా వచ్చినవి ఏరి పంపకు, తారీఖుల వరసలో అన్నీ కావాలి. ఫోన్‌లో ఫోటో తీసి పంపినా చాలు. కిటికీ దగ్గర పెట్టి, నీ నీడ పడకుండా తియ్యి.

నీ మేలు కోరే
మేష్టారు