పిల్సెన్ ఊరివాళ్ళు పారబోసిన బీరు

ప్ర: మా అబ్బాయి ప్రాగ్‌లో చదువుకుంటున్నాడు. వాణ్ణి చూడటానికి వెళ్ళినప్పుడు చెక్ దేశంలోనే ఉన్న పిల్సెన్ ఊళ్ళోని పాత బ్రూవరీకి, అంటే బీరు కాచే కర్మాగారానికి, తీసుకెళ్ళాడు. ఒకప్పుడు ఊరి జనమే పీపాలకొద్దీ బీరు వీధిలో పారబోశారనీ, ఈ బ్రూవరీ ఆ తర్వాతే పుట్టిందనీ అక్కడి గైడు చెప్పింది. నిజమేనా మాస్టారూ? ఒక ఊరి పేరు ప్రపంచమంతా బీరు పేరెలా అయింది?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

జ: నిజమేనమ్మా. 1838లో పాడైపోయిన బీరు 36 పీపాలు టౌన్‌హాలు ముందరే కుమ్మరించారు. నేను ముప్పై ఏళ్ళు బ్రూవరీ ల్యాబులో పనిచేసినవాణ్ణి. చెడిపోయిన ట్యాంకు మూత తీస్తే పుల్లటి వాసన గుప్పున ముఖానికి కొడుతుంది, ఇంటికొచ్చి స్నానం చేసినా ముక్కును వదలదు. అందుకే ఆ జనం కోపం నాకు బాగా అర్థమవుతుంది.

ఆ కోపం వెనక ఇంకో సంగతి ఉంది. పిల్సెన్ ఊరు 1295లో వెలిసింది. రాజు రెండో వాత్స్లావ్ అక్కడి 260 ఇళ్ళకు బీరు కాచుకునే హక్కిచ్చాడు. ఆ హక్కు ఇంటితోపాటు తరతరాలుగా వచ్చేది. అంటే పారబోసింది ఎవరో వ్యాపారి సరుకు కాదు, తమ ఊరి పరువు. 1839లో ఆ హక్కుదారులే కూడి, అందరికీ కలిపి ఒకే మంచి బ్రూవరీ కట్టాలని తీర్మానించుకున్నారు. దాని మొదటి పేరుకు అర్థం కూడా ‘పౌరుల బ్రూవరీ’ అనే. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన మాట అది.

కట్టడం మార్టిన్ స్టెల్జర్ చేతికి వెళ్ళింది. బీరు కాచడానికి నేటి జర్మనీలోని బవేరియా ప్రాంతంలో ఉన్న విల్స్‌హోఫెన్ నుంచి యోసెఫ్ గ్రోల్‌ని పిలిపించారు. 1842 అక్టోబరు 5న ఆయన మొదటి కాపు దించాడు. నవంబరు 11న, సెయింట్ మార్టిన్ పండుగనాడు, ఊరివాళ్ళు రుచి చూశారు. అప్పటిదాకా అక్కడ బీరంటే మబ్బుగా, ముదురు గోధుమ రంగులో ఉండేది. ఇది తేటగా, బంగారు రంగులో వచ్చింది.

అందరూ గ్రోల్‌నే పొగుడుతారు. పొగడాల్సిందే, కానీ ఆయన ఒక్కడి చేతిలో ఏముంది? మొలకెత్తించిన బార్లీని కట్టెల సెగమీద నేరుగా ఆరబెడితే నల్లబడుతుంది, పొగ వాసన పడుతుంది. ఇక్కడ ఇంగ్లండు పద్ధతిలో, పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీ పెట్టారు. గింజ లేత రంగులోనే నిలిచింది. ఊరి నీళ్ళు చాలా మెత్తనివి, వాటిలో ఖనిజాలు తక్కువ. ఉప్పులున్న గట్టి నీళ్ళయితే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) చేదు గరుగ్గా నాలుకకు గుచ్చుకుంటుంది. ఇక్కడ జాటెట్స్ ప్రాంతపు హాప్స్ వేసినా ఆ చేదు మెత్తగా దిగుతుంది. గ్రోల్ వాడింది బవేరియా తరహా ఈస్టు. అది చల్లదనంలో నిదానంగా పులియబెట్టి, పనయ్యాక అడుగుకు చేరుతుంది. నీరు బాగోకపోతే మిగతావి ఎంత చక్కగా చేసినా ఫలితం ఉండదని నేను మా కుర్రాళ్ళకు వందసార్లు చెప్పి ఉంటాను.

కాచే తీరు కూడా ఓపికతో కూడినదే. నానిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ముద్దలో కొంత తీసి, రాగి పాత్రలో నేరుగా మంటమీద మరిగించి, తిరిగి పెద్ద పాత్రలో కలుపుతారు. ఇలా మూడుసార్లు! ఇంధనం, సమయం ఎక్కువ పడతాయని చాలామంది మానేశారు. వీళ్ళు మానలేదు.

పేరు సంగతి అడిగారు కదా. బీరు రైలెక్కి దూరాలకు పోయింది, అందరూ ‘పిల్స్‌నర్’ అని తమ సీసాలమీద రాసుకోవడం మొదలెట్టారు. పిల్సెన్‌వాళ్ళు 1898లో ‘అసలు ఊట’ అనే అర్థమొచ్చే పేరు రిజిస్టరు చేయించారు. జర్మన్‌లో ఉర్‌క్వెల్, చెక్‌లో ప్రాజ్‌డ్రోయ్. మ్యూనిక్‌లో కోర్టుకు కూడా వెళ్ళారు. 1899లో ఆ కోర్టు, పిల్స్‌నర్ అన్నది ఊరి గుర్తు కాదు, బీరు రకం పేరని తేల్చింది. వాళ్ళకు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం. కానీ ఊరి పేరు లోకమంతా పాకింది అందుకే.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం బ్రూవరీని జాతీయం చేసింది. 1999లో దక్షిణాఫ్రికా కంపెనీ కొన్నది, 2017లో జపాన్‌కు చెందిన అసాహి చేతికి వచ్చింది. 1892లో, యాభై ఏళ్ళ సందర్భంగా కట్టిన జంట తోరణాల గేటు మాత్రం అక్కడే ఉంది. మీరు దాని కిందనుంచే వెళ్ళి ఉంటారు.

బ్రూవరీ కింది నేలమాళిగలు దాదాపు 9 కిలోమీటర్లు. నేను వెళ్ళినప్పుడు స్వెట్టరు వేసుకోలేదు, పది నిమిషాల్లోనే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఓక్ పీపా కొళాయి తిప్పి, వడగట్టని బీరు గ్లాసులో పట్టి ఇచ్చారు. కొద్దిగా మబ్బుగా ఉంది, నురుగు మీగడలా నిలిచింది. పీపా లోపల వేడి వేడి చెట్టు బంక పూత పూస్తారు, చెక్కకు బీరు తగలకుండా. ఆ పని చేసే పీపాల వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. బీరు ఇప్పుడు దాదాపుగా స్టీలు ట్యాంకుల్లోనే పులుస్తుంది. అయినా కొంత పాత పద్ధతిలో చెక్క పీపాల్లోనూ కాపాడుతున్నారు, రెండిటి రుచీ పోల్చి చూసుకోవడానికి. మీకు ఆ నేలమాళిగల్లో గ్లాసు ఇచ్చి ఉంటే, అది ఆ పీపాల్లోదే.