స్కాన్ రిపోర్టు సరే, తమ్ముడు నిద్రపోతున్నాడా?

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగాల కోసం బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా తమ్ముడికి 31 ఏళ్లు, బైపోలార్ (మనసు విపరీతమైన హుషారుకీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఉంది, ఇప్పటికి రెండుసార్లు మేనియా, అంటే ఆ హద్దుమీరిన హుషారు, వచ్చింది. తలనొప్పి అంటే ఎంఆర్ఐ తీయించాం. ‘మైల్డ్ ఫ్రాంటల్ అట్రోఫీ’ అని రాశారు. జబ్బు ముదిరి మెదడు కుంచించుకుపోతోందా? ఏటా స్కాన్ తీయించాలా? నడుం నొప్పికి నెల రోజులు డైక్లోఫెనాక్ వేసుకున్నాడు. చేతులు బాగా వణుకుతున్నాయని మూడు వారాల కిందట బైపోలార్‌కి వాడే లిథియం మాత్రలు తనే మానేశాడు. ఇప్పుడు వణుకు లేదు, మూడు నాలుగు గంటలే పడుకున్నా హుషారుగా ఉంటున్నాడు.

డాక్టర్ సలహా: అమ్మా, స్కాన్ సంగతి తర్వాత. నన్ను కంగారు పెట్టింది మీ చివరి రెండు వాక్యాలు. నిద్ర పట్టక బాధపడటం వేరు, నిద్రే అక్కర్లేదన్నట్టు తిరగడం వేరు. బైపోలార్ ఉన్నవాళ్లలో ఈ రెండోది కనిపిస్తే మేనియా మొదలవుతోందేమోనని ముందుగా అనుమానిస్తాం. అందులోనూ లిథియం ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. మాట వేగం పెరిగిందా, అర్ధరాత్రి దాటాక ఫోన్లు చేస్తున్నాడా, ఆన్‌లైన్‌లో అక్కర్లేనివి ఆర్డర్ పెడుతున్నాడా, ఎదురు చెప్తే మండిపడుతున్నాడా గమనించండి. ఇవన్నీ కనిపించేదాకా ఆగమని కాదు, రేపే తన డాక్టర్‌కి చూపించండి.

ఇక ఆ డైక్లోఫెనాక్. ఎవరు రాశారు? మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నాడనే అనుకుంటున్నాను, మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది చేసేది అదే, పైగా ‘మామూలు నొప్పి మాత్రే కదా సార్’ అంటారు. లిథియం ఒంట్లోంచి పోయేది కిడ్నీల ద్వారానే. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి దాన్ని సరిగా బయటికి పోనివ్వవు, రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతాం, 1.5 దాటితే విషమే అనుకోండి. అంటే వేసుకునే డోసు మారకపోయినా వణుకు ఎక్కువై ఉండొచ్చు. ఆ రోజుల్లో ఒక్క బ్లడ్ లెవెల్ తీయించి ఉంటే తెలిసిపోయేది. మానాల్సింది నొప్పి మాత్రయితే మీవాడు లిథియం మానేశాడు! మనిషిని చూడలేదు కాబట్టి ఇదే కారణమని ఖాయంగా చెప్పను, కానీ డాక్టర్‌కి ఈ విషయం తప్పకుండా చెప్పండి. బీపీ మాత్రల్లోనూ కొన్ని లిథియంతో ఇలాగే తగువు పెట్టుకుంటాయి.

అలాగని ఈ రాత్రే పాత డోసు మళ్లీ మొదలుపెట్టించొద్దు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ చూసి ఎంత డోసుతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. మొదలుపెట్టాక లెవెల్ టెస్టుకి రక్తం ఇచ్చేది మాత్ర వేసుకున్న 12 గంటలకి. ఆ పొద్దున మాత్ర వేసుకుని ల్యాబుకి వెళ్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. సన్నటి వణుకైతే డోసు సర్దో, ఇంకో మందు ఇచ్చో తగ్గించొచ్చు. వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, నడకలో తూలడం ఉంటే మాత్రం ఎమర్జెన్సీకే.

ఇప్పుడు స్కాన్. బైపోలార్ ఉందా, ఎంత ముదిరింది అని ఒక మనిషి ఎంఆర్ఐ చూసి చెప్పలేం, పెళ్లి ఫొటో చూసి కాపురం ఎలా ఉందో చెప్పమన్నట్టే. రిపోర్టులో ‘మైల్డ్’ అన్నది చాలాసార్లు రేడియాలజిస్టు కంటి అంచనా. పరిశోధనల్లో తేడాలు కనిపించిన మాట నిజమే, కానీ వందలమంది సగటు తీస్తేగానీ బయటపడనంత చిన్నవి. ఎనిగ్మా అని చాలా దేశాల పరిశోధకులు కలిసి చేసే పని ఒకటుంది. 2022లో వాళ్లు 307 మంది బైపోలార్ ఉన్నవాళ్లనీ, 925 మంది లేనివాళ్లనీ కొంతకాలం తేడాతో మళ్లీ స్కాన్ తీసి పోల్చారు. మధ్యలో మేనియా ఎక్కువసార్లు వచ్చినవాళ్లలో మెదడు పైపొర, ముఖ్యంగా ముందుభాగంలో, త్వరగా పలచబడింది. అదే బృందం 2018లో ఇచ్చిన పోలికలో లిథియం వాడుతున్నవాళ్లలో ఈ పలచబడటం తక్కువగా ఉంది, అది లిథియం చలవేనని తేల్చేయలేం అనుకోండి. మీవాడి మెదడు గురించి మీకు అంత బెంగ ఉంటే, ఇంకో మేనియా రాకుండా చూడటమే మన చేతిలో ఉన్న పని.

ఏటా స్కాన్ అక్కర్లేదు. ఫిట్స్, ఒకవైపు బలహీనత, గందరగోళం లాంటివి వచ్చినా, తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా అప్పుడు డాక్టరే రాస్తారు.

రేపు అపాయింట్‌మెంట్ దొరకలేదని వారం ఆగకండి. హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ ఎమర్జెన్సీ రాత్రీపగలూ ఉంటుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు ఈ రెండు నెలల్లో వాడిన ప్రతి మాత్ర స్ట్రిప్పూ, తలనొప్పికి వేసుకున్నవి కూడా, ఒక కవర్లో వేసుకెళ్లండి. ఈలోపు నొప్పి అంటే పారాసెటమాల్ దాటి ఏదీ ఇవ్వకండి, బండి తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి.