ఫార్మాట్ కొట్టే ముందు అడుగు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

షాపు తెరిచి పది రోజులైందనీ, వచ్చిన గిరాకీలో సగం చిప్పుల, అదే మెమరీ కార్డుల, గొడవలేననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. "దానికి మామయ్యని అడిగేదేముంది, ఫార్మాట్ కొడితే అదే సెట్టవుద్ది" అన్నావట. అక్కడే నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే ఊ కొడుతూ వేరే పని చూసుకుంటావని ఇలా రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నేనూ ఒకప్పుడు నీలాగే అనుకునేవాణ్ణి. 2011లో, సంక్రాంతి వెళ్లిన వారం. అప్పట్లో మన షాపుకి ఆదాయమంతా పాటలు ఎక్కించడమే. ట్రాక్టర్ తోలే అతను ఒకతను వచ్చి, ఫోన్లో మెమరీ కార్డు పాడైంది, ఫార్మాట్ చెయ్యాలి అని వస్తోందన్నాడు. 2 జీబీ కార్డు. ఫోన్ ఏం అడిగిందో అదే నొక్కా. అరనిమిషంలో కార్డు బాగైపోయింది. పైగా ఖాళీగా ఇవ్వడం ఎందుకులే, తెలిసినవాడే కదా అని కార్డు నిండా పాటలు ఎక్కించి ఊరికే ఇచ్చా. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. "పాటలు బానే ఉన్నాయి గానీ, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు కనపడట్లేదండీ" అన్నాడు. నా మీద అనుమానం కూడా లేదు అతనికి, ఎక్కడో వేరే చోట పెట్టి ఉంటాననుకున్నాడు.

రెండు రాత్రులు కూర్చుని రికవరీ పెట్టాను. నాలుగు ఫొటోలు వచ్చాయి. ఒకదాంట్లో పందిరి, మామిడాకుల తోరణం, అమ్మాయి తల్లో పువ్వులు, నుదుటిదాకా కనిపించాయి. ఆ కింద అంతా బూడిదరంగు. ఆ సగం ఫొటోనే ప్రింట్ తీయమన్నాడు.

తర్వాత తెలిసింది, ఆ ఫొటోల్ని చంపింది ఫార్మాట్ కాదు, నేను దానం చేసిన పాటలు. పాతకాలం ఫోన్లలో ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపెయ్యడమే. లోపలి పేజీలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. వాటి మీద కొత్తగా రాసినప్పుడే పోతాయి. పాటలు ఎక్కించకుండా ఉంటే ముప్పాతిక వంతైనా తీసేవాణ్ణి.

ఇప్పుడు సంగతి ఇంకా మారింది, ఇది గట్టిగా పట్టుకో. ఆండ్రాయిడ్ ఫోన్లో కార్డు ఫార్మాట్ కొడితే సూచిక ఒక్కటే చింపి ఊరుకోదు. "నీలో ఉన్నదంతా నాకిక అక్కర్లేదు" అని కార్డుకే చెప్పేస్తుంది. కార్డు ఆ మాట విని లోపలంతా తుడిచేసుకుందంటే ఇక ఏ సాఫ్ట్‌వేర్‌కీ దొరకదు. కాబట్టి, లోపల సరుకు కావాలన్న కార్డుని ఫోన్లో ఫార్మాట్ చెయ్యకూడదు. సరుకు బయటికి తీశాక మాత్రం, ఏ ఫోన్లో వాడతారో ఆ ఫోన్లోనే ఫార్మాట్ చెయ్యాలి. ఒకే బటన్, ముందు నొక్కితే విషం, తర్వాత నొక్కితే మందు.

కార్డు చేతిలో పెట్టగానే, "ఇందులో ఏమున్నాయండీ, ఇంకెక్కడైనా కాపీ ఉందా?" అని అడుగు. "ఏం లేవు, పాటలే" అన్నా సరే, ఇంకోసారి అడుగు. ఎదురుగా నిలబడి ఆలోచించుకున్నాక "ఆఁ, మా నాన్నగారి వీడియో ఒకటుందండోయ్" అనేవాళ్లు పదిమందిలో ఇద్దరుంటారు. ఇంటి దగ్గర ఎవరైనా ఏమైనా నొక్కి చూశారా అనేది కూడా అడుగు. పిల్లలున్న ఇంట్లో నొక్కే ఉంటారు.

ఆ తర్వాత కార్డుని నమ్మకు, ఫోన్ని నమ్మకు. ఫోన్ ఆపేసి కార్డు తీసి, కంప్యూటర్‌కి తగిలించే కార్డు రీడర్లో పెట్టి చూడు. ఆ ఫోన్లోనేమో నీ దగ్గరున్న మంచి కార్డు పెట్టి చూడు. నీ కార్డునీ చదవకపోతే జబ్బు స్లాటుది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. మైక్రో ఎస్‌డీ వెనక ఎనిమిది పిన్నులుంటాయి, బంగారు రంగులో. వేలి చెమట, జేబులో దుమ్ము, మన వైపు ఉప్పుగాలి పట్టి మసక కడతాయి. తెల్ల రబ్బరుతో పిన్నుల పొడవునా రెండుసార్లు మెల్లగా రుద్ది, పొట్టు ఊదెయ్. నోటితో కాదు, బ్లోయర్‌తో. నోటితో ఊదితే తుంపర పడుతుంది. మరీ జిడ్డుంటే ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ముంచిన దూది. బ్లేడుతో గీకే మహానుభావుల్ని చూశాను, నువ్వు ఆ పని చెయ్యకు.

ఇంకో చిన్న సంగతి. చిన్న కార్డుని దూర్చే పెద్ద అడాప్టర్‌కి పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది చూడు, అది కిందికి జారితే "రైట్ ప్రొటెక్టెడ్" అంటుంది. కార్డుకి ఆ మీట సంగతే తెలియదు, దాన్ని చూసి అడ్డుకునేది రీడరు. కార్డు పోయిందని కొత్తది కొనిపించి, తర్వాత ఆ మీట చూసి నాలిక్కరుచుకున్న రోజు నాకూ ఉంది.

రీడర్లో పెట్టగానే కంప్యూటర్ కూడా "ఫార్మాట్ చెయ్యాలా?" అని అడిగితే క్యాన్సిల్ కొట్టు. ప్రాపర్టీస్‌లో సైజు ఎంత చూపిస్తోందో చూడు. 32 జీబీ కార్డు 29 చిల్లర చూపిస్తూ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు సర్దే పద్ధతి) దగ్గర "రా" (RAW, అంటే ఆ పద్ధతిని గుర్తుపట్టలేకపోయింది) అని ఉంటే, ఆశ ఉంది. సైజు సున్నా చూపిస్తే, లేదా అసలు పెట్టినట్టే తెలియకపోతే, లోపలి కంట్రోలర్, అంటే కార్డుని నడిపే చిప్పు, పోయినట్టు. మన షాపులో అయ్యే పని కాదు, ఆ మాట మొహం మీదే చెప్పెయ్. వేలితో తాకితే కాలిపోతోందా, వెంటనే తీసెయ్.

ఆశ ఉన్నప్పుడు, ముందు కార్డు మొత్తానికి ఇమేజ్ తీసుకో, అంటే మొదటి నుంచి చివరి దాకా అచ్చు నకలు. చచ్చేలా ఉన్న కార్డుని పదిసార్లు చదివించకూడదు. ఒకసారి నకలు తీస్తే, ఇక ఎన్ని ప్రయోగాలైనా ఆ నకలు మీదే. తర్వాత ఫొటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టు, ఉచితమే. చూడ్డానికి నల్ల తెర, తెల్ల అక్షరాలు, మొదట్లో చిరాకుగా ఉంటుంది గానీ పనిమంతురాలు. ఫైళ్ల పేర్లు రావు, ఫొటోలు వస్తాయి. వచ్చినవాటిని కంప్యూటర్‌లోకి తియ్యాలి, అదే కార్డులోకి కాదు. నవ్వకు, అలా చేసినవాళ్లున్నారు.

విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ కొడితే బాగవుతుందని ఎవరో ఒకరు చెబుతారు. బాగవుతుంది, ఒక్కోసారి. ఒక్కోసారి "ఫౌండ్.000" అని ఒక ఫోల్డర్ పుట్టి, పెళ్లి వీడియో కాస్తా పేరులేని ముక్కలై అందులో పడుతుంది. అది సూచికని సరిచేసే పనిముట్టే గానీ, నీ సరుకు కాపాడే బాధ్యత దానికి లేదు. నకలు తీశాకే దాని జోలికి వెళ్లు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయని కాలేజీ పిల్లలు తెచ్చే కార్డులు మాత్రం పోయినవి కావు. వైరస్ వాటిని దాచిపెట్టి షార్ట్‌కట్ బొమ్మ పెట్టింది, అంతే. ఆ షార్ట్‌కట్ల మీద నొక్కకుండా, దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టి బయటికి తీసి ఇవ్వు.

ఇక ఫార్మాట్ సంగతి, అంటే ఏ కార్డుకి ఏ ఫైల్ సిస్టమ్ అన్నది. 2 జీబీ, అంతకు లోపు కార్డులు ఫ్యాట్16. 4 నుంచి 32 దాకా ఫ్యాట్32. 64, ఆ పైన ఎక్స్‌ఫ్యాట్. ఇది కార్డుల పుట్టుకలో ఉన్న లెక్క, కార్డుల ప్రమాణాలు రాసే ఎస్‌డీ అసోసియేషన్ పెట్టింది. పేచీలన్నీ ఈ గీతలు దాటినప్పుడే వస్తాయి. కీప్యాడ్ ఫోన్ పెద్దాయన 64 జీబీ కొనుక్కొచ్చి కార్డు తీసుకోవట్లేదంటాడు. ఆ ఫోన్‌కి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. విండోస్ 7, 10ల్లో రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ అంటే 32 దాటిన కార్డుకి ఫ్యాట్32 అసలు చూపించదు, దానికి వేరే టూల్ కావాలి. అలా మారిస్తే చాలా ఫోన్లు తీసుకుంటాయి, కొన్ని మొండికేస్తాయి. పెద్దాయనకి 16దో 32దో మార్చి ఇవ్వడం మర్యాద. దీనికి తిరగేసిన కేసు ఇంకోటి. "ఇరవై జీబీ ఖాళీ ఉంది, సినిమా ఎక్కట్లేదు" అంటాడు కుర్రాడు. కార్డుని ఎవరో ఫ్యాట్32లో పెట్టి ఉంటారు. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించి పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ పెట్టు, సినిమా ఎక్కుతుంది. కార్ స్టీరియోలో వాడేది అయితే మాత్రం ముందు అడుగు, చాలా స్టీరియోలకి ఫ్యాట్32 తప్ప గిట్టదు.

ఎస్‌డీ అసోసియేషన్ వాళ్లదే ఉచిత ఫార్మాటర్ ఒకటుంది, కంప్యూటర్‌లో అది వేసుకో. 32 జీబీ కార్డు కాస్తా ఏ 100 ఎంబీకో కుంచించుకుపోయి కనిపిస్తే, ఎవరో దాని లోపలి జాగాని ముక్కలుగా (పార్టిషన్లుగా) విడగొట్టి వాడి ఉంటారు, ఇది మళ్లీ పూర్తి సైజుకి తెస్తుంది.

కొన్ని కార్డులు దెయ్యం పట్టినట్టు ప్రవర్తిస్తాయి. డిలీట్ చేస్తే పోతాయి, తీసి పెడితే మళ్లీ వస్తాయి. ఫార్మాట్ అయిందంటుంది, తెరిస్తే పాత ఫొటోలే. దెయ్యమూ లేదు వైరసూ లేదు. ఫ్లాష్ మెమరీకి రాయడంలో ఆయుష్షు ఉంటుంది. అది అయిపోయినప్పుడు కొన్ని కంట్రోలర్లు రాత ఆపేసి చదవడం ఒక్కటే ఉంచుతాయి. నిజానికి అది కార్డు చేస్తున్న ఆఖరి ఉపకారం. కాపీ తీసిచ్చి కొత్తది అమ్ము. దాన్ని బాగుచేస్తానని గంట కూర్చోకు.

ఇప్పుడు నా డబ్బులు పోయిన కథ. ఒక హోల్‌సేల్ అతని దగ్గర 64 జీబీవి యాభై కార్డులు చవగ్గా తీసుకున్నా. ప్యాకింగ్ చూస్తే నిగనిగలాడుతోంది. పెడితే 59 చిల్లర చూపించింది, 64కి రావాల్సిందే అంత. అమ్మేశా. నెల తిరక్కుండా ఒక్కొక్కరే రావడం మొదలు. ఫొటోల పేర్లు వరసగా ఉన్నాయి, తెరిస్తే తెరుచుకోవు. లోపల ఉన్నది 8 జీబీ చిప్పు. 64 అని అబద్ధం చెప్పమని కంట్రోలర్‌కి నేర్పారు. 8 దాకా బాగానే ఎక్కుతాయి, ఆ తర్వాతవి గాల్లో. దీన్ని ఫార్మాట్ పట్టుకోలేదు, చూపులు పట్టుకోలేవు. కార్డు నిండా రాసి, మళ్లీ చదివి సరిచూడాల్సిందే. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఆ పని చేస్తుంది. 64కి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. కొత్త సరుకు వచ్చినప్పుడు లాట్‌లో రెండు మూడు తీసి రాత్రి షట్టర్ దించేటప్పుడు పెట్టి వెళ్లిపో. నలభై రెండు కార్డులకి డబ్బులు వెనక్కి ఇచ్చా. మిగతా ఎనిమిది మంది రాలేదు, వాళ్ల మొహాలు గుర్తులేవు నాకు.

ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, కార్డుని ఫోన్ మెమరీలో కలిపేసుకునే సదుపాయం కొన్ని ఫోన్లలో వచ్చింది. స్టోరేజ్ చాలట్లేదని వచ్చినవాళ్లకి అది పెట్టి ఇవ్వాలని నీకు చేతులు దురదపెడతాయి. అలా కలిపిన కార్డుకి తాళం (ఎన్‌క్రిప్షన్) పడుతుంది, తాళంచెవి ఆ ఫోన్లోనే ఉంటుంది. ఫోన్ బోర్డు పోయినా, రీసెట్ కొట్టినా కార్డులోది గోవిందా. కంప్యూటర్‌లో పెడితే ఖాళీ కార్డులా "ఫార్మాట్ చెయ్యాలా" అంటుంది. రీసెట్‌కి వచ్చిన ఏ ఫోన్ అయినా, కార్డు కలిపి ఉందా, ఎన్‌క్రిప్ట్ చేసి ఉందా అని ముందు సెట్టింగ్స్‌లో చూడు. పాత నోకియాల్లోనూ కార్డుకి పాస్‌వర్డ్ ఉండేది, మరిచిపోతే కంప్యూటర్ కూడా ముట్టుకోలేకపోయేది. కానీ ఆ పాస్‌వర్డ్ ఫోన్లోనే ఎంఎంసీస్టోర్ అనే ఫైల్లో రాసిపెట్టి ఉండేది. ఫైల్ మేనేజర్‌తో తెరిచి చదివి చెబితే నన్ను మంత్రగాణ్ణి చూసినట్టు చూసేవాళ్లు. ఆ రోజులు పోయాయి.

యాప్‌లు కార్డులో నడపాలంటే మీద ఏ1 గానీ ఏ2 గానీ (యాప్‌ల వేగానికి వేసే గుర్తులు) ఉన్నది ఇవ్వు. క్లాస్ 10 అన్నది వీడియోలు వరసగా రాసే వేగం మాత్రమే, యాప్‌ల చిల్లర పనులకి ఆ లెక్క పనికిరాదు.

రికవరీలో అన్నీ బయటికొస్తాయి, ఎప్పుడో డిలీట్ చేసినవి కూడా. తెరిచి చూడొద్దు. వచ్చాయో లేదో తెలుసుకోవాలంటే ఒకటి రెండు, అదీ వాళ్ల ఎదురుగా. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి, వాళ్లు ఇంటికెళ్లి చూసుకుని బాగున్నాయన్నాక నీ దగ్గర ఉన్నది తీసెయ్. ఆడపిల్లలు ఫోన్ ఇవ్వడానికి భయపడే షాపు మన ఊళ్లో ఇప్పటికే ఒకటుంది, రెండోది అక్కర్లేదు.

రేపు ఆర్టీసీ కార్గోలో ఒక డబ్బా వేస్తున్నా. రెండు రీడర్లు, అడాప్టర్లు, రబ్బర్లు, సిమ్ పిన్నులు ఉన్నాయి. నీలం రీడర్లో కార్డు బిగుసుకుంటుంది, గోటితో లాగకుండా పట్టకారు వాడు. అడుగున 2 జీబీ, 4 జీబీ పాత కార్డులు ఓ గుప్పెడుంటాయి, స్లాట్లు పరీక్షించుకోవడానికి. మీ అమ్మకి పూతరేకులు కూడా అందులోనే పెట్టింది మీ అత్త, డబ్బా తలకిందులు చెయ్యకుండా తెరువు.

మీ మామయ్య