నూరేళ్లనాటి ఇంటిని బిల్డర్‌కి ఇవ్వకుండా నిలబెట్టుకోవడం సాధ్యమేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ముత్తాతగారు కట్టించిన ఇల్లు, ఇప్పుడు నలుగురు వాటాదారులు. ముగ్గురు బిల్డర్‌కి ఇచ్చేద్దాం అంటున్నారు, మీ ఒక్కరికే మనసొప్పడం లేదు. బిల్డర్ తీసుకొచ్చిన ఇంజినీరు చూసి ‘నివాసానికి ప్రమాదకరం’ అని కాగితం రాసిచ్చారు. ఇంకా చేయగలిగింది ఏమైనా ఉందా, లేక సెంటిమెంట్ పక్కన పెట్టి సంతకం చేసేయాలా అని అడిగారు.

సంతకం ఇప్పుడే చేయకండి. నేను చేశాను. ఎనిమిదేళ్లయింది, ఆ బాధ ఇంకా తగ్గలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అది మా అమ్మవాళ్ల తాతగారు కట్టించిన ఇల్లు. మూరెడు మందం ఇటుక గోడలు, డంగుసున్నం, పెద్ద హాలు మీద వరసగా పదకొండు టేకు దూలాలు. లోపలి గోడల సున్నపు పూత ఎంత నున్నగా ఉండేదంటే, ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలం గోడకు చెంప ఆనించి నిలబడేవాళ్లం, చల్లగా ఉంటుందని. మామయ్య ఉన్నన్నాళ్లూ ఇంటికి ఏ లోటూ రాలేదు. ఏటా వర్షాలకు ముందు ఆయనే నిచ్చెన వేసుకుని ఎక్కి తూముల్లో ఆకులు తీసేసేవారు. అదొక పని అని మాకెవరికీ అనిపించలేదు. ఆయన పోయాక ఇంటికి తాళం పడింది.

ఐదుగురు వాటాదారులం. రిపేరు మాట ఎత్తితే ‘ముందు ఎవరి వాటా ఎంతో తేలనీ, తర్వాత చూద్దాం’ అనేవాళ్లం. నేనూ అలాగే అన్నాను. మూడో ఏడు ఈశాన్యం మూల తూము పూర్తిగా పూడిపోయింది. వాననీళ్లు కప్పు మీద నిలిచి, గోడలోకే దారి చేసుకున్నాయి. బయటి సున్నం పెచ్చులు ఊడుతుంటే మా అన్నయ్య చూడలేక, తన సొంత డబ్బు పెట్టి బయటంతా సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి రంగు వేయించాడు. ప్రేమతోనే చేయించాడు. ఇంటికి అసలు దెబ్బ తగిలింది అక్కడే.

ఇది ప్రతి పాత ఇంటివాళ్లూ తెలుసుకోవాల్సిన విషయం కాబట్టి కాస్త ఆగి చెప్తాను. సున్నంతో కట్టిన గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ కాయగానే ఆ తడిని బయటికి వదిలేస్తుంది. అలా పీలుస్తూ వదులుతూనే వందేళ్లు నిలబడుతుంది. సిమెంట్ అలా కాదు. గట్టిగా బిగుసుకుపోతుంది, గోడతో పాటు కదలదు, సన్నని పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి కానీ, ఆరడానికి ఆవిరికి సరైన దారి ఉండదు. గోడ బయటికి కొత్తగా కనిపిస్తూ లోపల నానుతూనే ఉంటుంది. దూలాల చివరలు ఉండేది ఆ గోడలోనే. కర్ర కుళ్లడం అక్కడ మొదలవుతుంది, తర్వాత చెద వస్తుంది. ఎవరికీ కనపడదు.

బిల్డర్ పంపిన ఇంజినీరు అరగంట ఉన్నారు. ఈశాన్యం మూల రెండు దూలాల మొదట్లో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూశారు. మెత్తగా దిగిపోయింది. ఉబ్బిన గోడలకు ఫోటోలు తీసుకున్నారు. రిపోర్టులో ‘దూలాలన్నీ కుళ్లిపోయాయి, కట్టడం కూలే స్థితిలో ఉంది’ అని వచ్చింది. ఎవరి మీదైనా కూలితే కేసులు, గొడవలు అని అందరికీ టెన్షన్ పట్టుకుంది. రెండు వారాల్లో సంతకాలు అయిపోయాయి.

కూల్చే రోజు నేను వెళ్లాను. పొక్లెయిన్ రాకముందే కలప కొనుక్కున్న వ్యాపారి మనుషులు తలుపులు, దూలాలు దింపుకుంటున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన, వడ్రంగి, దించిన ప్రతి దూలాన్నీ గొడ్డలి మడమతో కొట్టి వింటున్నాడు. ఏం చేస్తున్నారని అడిగితే నా చేతికే గొడ్డలి ఇచ్చి కొట్టమన్నాడు. ఖంగుమంది. ‘ఇది బతికున్న కర్ర’ అన్నాడు. పదకొండింటిలో తొమ్మిది అలాగే పలికాయి. మిగిలిన రెండూ ఒక చివర మాత్రం మొద్దుగా పలికాయి, అదీ మూరెడు మేర. నా ముందే ఆ మూరెడూ రంపంతో కోసి పడేశాడు. కోత దగ్గర కర్ర ఎర్రగా, పొడిగా ఉంది, టేకు వాసన వచ్చింది. వందేళ్ల తర్వాత కూడా. ‘ఇంత ముక్క కోసి కొత్తది అతికి, పక్కన ఇనుప పట్టీలు వేస్తే ఇంకా ఎన్నేళ్లయినా మోసేది తల్లీ, నన్నెవరూ పిలవలేదు కదా’ అన్నాడు.

అప్పటికే కప్పు సగం తీసేశారు. చేసేదేం లేదు.

ఆ తర్వాత ఈ విషయం గురించి చాలా చదివాను. మా ఇంటి కథ కొత్తదేం కాదని అర్థమైంది. ఇంగ్లాండ్‌లో డిజైనర్, రచయిత విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో పురాతన కట్టడాల కోసం ఒక సంఘం పెట్టినప్పుడే, భారీ పునరుద్ధరణల కంటే రోజువారీ సంరక్షణతో శిథిలం కాకుండా ఆపడమే ముఖ్యమని తమ ప్రకటనలో రాసుకున్నారు. అది చదివినప్పుడు నాకు నిచ్చెన మీద మామయ్యే కనిపించారు. స్కాట్లాండ్‌లో దీనికి సరిగ్గా తిరగేసి చేశారు. అక్కడ కప్పు ఉన్న కట్టడానికి స్థానిక పన్ను పడేది కాబట్టి, భరించలేని యజమానులు కప్పు తీయించేసేవారు. స్లేన్స్ అనే పెద్ద భవనం కప్పు 1925లో అలాగే తీసేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నవి మొండిగోడలు. కప్పు పోతే ఇల్లు పోయినట్టే. గోడలు కూలడం తర్వాతి సంగతి.

మీవాళ్లను తప్పుపట్టకండి. ఇళ్లు పోవడానికి మనసు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. స్థలం మీద ఎన్ని ఎక్కువ అంతస్తులు కట్టుకోవడానికి రూల్స్ అనుమతిస్తే, స్థలం విలువ అంత పెరుగుతుంది. పైనున్న రెండంతస్తుల పాత ఇల్లు ఆ లెక్కలో అడ్డంగా మాత్రమే కనిపిస్తుంది. పన్నులు కూడా ఒక్కోచోట కూల్చేవాడికే కలిసొస్తాయి. బ్రిటన్‌లో కొత్త ఇంటి నిర్మాణం మీద వ్యాట్ సున్నా, ఉన్న ఇంటి రిపేరు మీద సాధారణంగా 20 శాతం. అక్కడే 20వ శతాబ్దంలో వారసత్వ పన్నులు, యుద్ధకాలంలో సైన్యం వాడుకుని పాడుచేసి వదిలేయడం, నిర్వహణ ఖర్చులు అన్నీ కలిసి వందల కొద్దీ పెద్ద ఇళ్లు నేలమట్టమయ్యాయి. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పోయిన ఆ ఇళ్ల గురించే ఒక ప్రదర్శన పెట్టారు. అది చూశాక జనానికి ఎంత పోయిందో తెలిసింది.

ఇంకో మాట. మీ బంధువులు ‘ఇదేమైనా రాజమహలా’ అంటున్నారని రాశారు. షికాగోలో ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన రోబీ హౌస్ 1910లో పూర్తయింది. 1957లో దాన్ని కూల్చి విద్యార్థుల వసతి గృహం కట్టాలనుకున్నారు. అప్పటికి దాదాపు తొంభై ఏళ్లున్న రైట్ స్వయంగా వచ్చి అభ్యంతరం చెప్పాడు. ఇల్లు నిలిచింది, 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పాతబడిపోయినా ఇంకా పురాతనం అనిపించుకోని వయసులోనే ఇళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉంటాయని నా నమ్మకం. మీ ఇల్లు యునెస్కోకి ఎక్కాలని కాదు, దాని విలువ ఈరోజు బిల్డర్ వేసిన లెక్కతోనే తేలిపోదని చెప్తున్నాను.

సరే, ఇప్పుడు ఏం చేయాలి?

అన్నిటికంటే ముందు రెండో అభిప్రాయం తీసుకోండి. కాంక్రీట్ భవనాలు మాత్రమే చూసేవారితో కాకుండా, సున్నపు గోడలు, కర్ర కప్పులు రిపేరు చేయించిన స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించండి. ఫీజు మీరే పెట్టుకోండి, లేకపోతే అదొక వంకవుతుంది. ఆయనతో పాటు ఒక పాతకాలపు వడ్రంగిని కూడా తీసుకెళ్లండి. రిపోర్టులో ‘ప్రమాదకరం’ అన్న ఒక్క మాట చాలదు. ఏ దూలం, ఎంత మేర, ఏ గోడ, ఎందువల్ల, బాగు చేస్తే ఎంతవుతుంది అని విడివిడిగా రాయమనండి. మొదటి రిపోర్టుకూ దీనికీ తేడా ఏంటో మీవాళ్లే చదువుకుంటారు. మేం ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు.

తర్వాత మీ ఇల్లు ఏదైనా రక్షిత జాబితాలో ఉందా, చేర్చడానికి వీలుందా అని స్థానిక సంస్థలో రాతపూర్వకంగా అడగండి. కొన్ని నగరాల్లో జాబితాలో ఉన్న ఇంటివాళ్లు తాము కట్టుకోని అంతస్తుల హక్కును వేరే స్థలం యజమానికి అమ్ముకోవచ్చు. న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టాక వచ్చిన ఆగ్రహంతోనే 1965లో అక్కడ పరిరక్షణ చట్టం వచ్చింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కట్టనివ్వనందుకు యజమానులు కోర్టుకెక్కితే 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం వైపే తీర్పు చెప్పింది. ఆ హక్కులను వేరేచోటికి బదిలీ చేసుకునే అవకాశం ఉండటాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీ దగ్గర అలాంటిది ఉంటే తోబుట్టువులతో మాట్లాడే తీరే మారిపోతుంది. అప్పుడు మీరు త్యాగం చేయమని అడగడం లేదు, వేరే దారిలో డబ్బు చూపిస్తున్నారు.

తోబుట్టువులతో మాట్లాడేటప్పుడు జ్ఞాపకాలతో మొదలుపెట్టకండి. నేను ఒకసారి అలాగే మొదలుపెడితే, మా వదిన ‘నీకు జ్ఞాపకాలు, మాకు అప్పులు’ అంది. ఆవిడ మాటలో తప్పేం లేదు. ఎవరికి ఎంత, ఎప్పటికి కావాలో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని వినండి. ముగ్గురూ అమ్మేద్దాం అంటున్నా, ముగ్గురి అవసరమూ ఒకటే అయి ఉండదు.

మా ఆడపడుచు అత్తవారింట్లో ఇలాగే కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకరికి వెంటనే డబ్బు కావాలి, ఇద్దరికి ఫ్లాట్ చాలు, ఒకరికి ఆ ఇంట్లోనే ఉండాలని. చివరికి వెనక ఖాళీ స్థలం వరకే డెవలప్‌మెంట్‌కి ఇచ్చి, ముందున్న పాత ఇంటిని ఉంచుకున్నారు. పాత ఇంటి రిపేరు ఖర్చు బిల్డర్ భరించాలని, కొత్త పునాదులు తవ్వేటప్పుడు పాత గోడలకు ఇంత దూరం వదలాలని అగ్రిమెంట్‌లోనే రాయించుకున్నారు. వెనక వసారా పోయింది, పెద్ద చెట్టు పోయింది. ఆవిడ ఇప్పటికీ ఆ చెట్టు గురించి చెప్పి బాధపడుతుంది. కానీ ఇల్లు ఉంది, మెట్లున్నాయి, అందులో మనుషులున్నారు. ముందుగోడ ఒక్కటీ ఉంచి వెనకంతా కొత్త భవనం లేపే పద్ధతి కూడా చాలాచోట్ల చూస్తుంటాం. బిల్డర్ అది ఆశ చూపిస్తే నా సలహా ఒప్పుకోవద్దనే. ఇల్లంటే ముఖం ఒక్కటే కాదు.

ఎంత ప్రయత్నించినా కుదరకపోవచ్చు. అప్పుడు కూడా రెండు పనులు మీ చేతిలో ఉంటాయి. కొలతలతో ప్లాను గీయించండి, ప్రతి గదినీ, ప్రతి కీలునీ ఫోటో తీయించండి. అమెరికాలో 1933లో పనిలేని ఆర్కిటెక్టులకు జీతమిచ్చి పాత కట్టడాల కొలతలు గీయించారు. అలా నమోదైన కట్టడాల్లో ఎన్నో తర్వాత కూలిపోయాయి, డ్రాయింగులు మాత్రం నేటికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మా ఇంటికి అలాంటి కాగితం ఒక్కటీ లేదు. మెట్లు ఎన్నో కూడా అన్నయ్య ఒకటి చెప్తాడు, నేను ఒకటి చెప్తాను. రెండోది, యంత్రంతో నలగ్గొట్టించకుండా చేత్తో విప్పించండి. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్‌లో 2016 నుంచి, 1916లోగానీ అంతకు ముందుగానీ కట్టిన ఇళ్లను తీసేయాలంటే ఇలా విప్పి తీయాల్సిందేనని నిబంధన పెట్టారు, తర్వాత దాన్ని 1940 వరకు కట్టిన ఇళ్లకు పెంచారు. ఇటుక, కర్ర, రాయి ఇంకో ఇంటికి పనికొస్తాయి.

కానీ మీ ఇల్లు అంతదాకా వచ్చిందని నాకు అనిపించడం లేదు. మీరు రాసినదాన్ని బట్టి చెమ్మ ఒక్క వైపు గదుల్లోనే ఉంది, అది కూడా వర్షాకాలంలోనే. ఇంజినీరు దొరికేలోపు, సంతకాల గొడవ తేలేలోపు మీరు ఒక్కరే చేయగల పని ఒకటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరినైనా తోడు తీసుకుని నిచ్చెన వేసి, ఆ వైపు తూము శుభ్రం చేయించండి. వర్షాలు మొదలవక ముందే.