పసుపుతో, గోరింటాకుతో వేలిముద్రలు బయటపడతాయా?

పసుపు, గోరింటాకు వంటి సహజ రంగులతో కంటికి కనబడని వేలిముద్రలను రప్పించవచ్చా, దర్యాప్తులో అవి పనికొస్తాయా అని అడిగారు. ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు దాదాపు ఇదే. ముద్రలు వస్తాయి. అయితే పసుపు చేసే పని వేరు, గోరింటాకు చేసే పని వేరు. ఆ తేడా పట్టించుకోక మొదటి రెండు వారాలు వృథా చేసుకున్నాను.

పసుపు అంటుకుంటుంది, అంతే. ముద్రలోని చెమట తడికీ జిడ్డుకూ పొడి పట్టుకుని గీతలు కనిపిస్తాయి. వంటకు వాడే పసుపునే చల్లితే బరక రేణువులు గీతల మధ్య కూరుకుపోయి మరక మిగిలింది. పొడిని ఆరబెట్టి, పలుచని బట్టలో జల్లించి, కుంచెను ఒత్తకుండా ఆడించాక గాజు మీది తాజా ముద్ర చక్కగా వచ్చింది. పసుపులోని కర్కుమిన్ అతినీలలోహిత కాంతిలో వెలుగుతుంది కాబట్టి ముదురు రంగు వస్తువుల మీద ఇది అక్కరకొస్తుంది. ముద్ర ఆరిపోయేకొద్దీ పొడి పట్టు తప్పుతుంది.

కాగితం చెమటను పీల్చేసుకుంటుంది. ఆ చెమటలోని అమైనో ఆమ్లాలు (ప్రోటీన్లకు మూల పదార్థాలు) మాత్రం చాలాకాలం అక్కడే ఉండిపోతాయి. వాటితో చర్య జరిపి ఊదా రంగునిచ్చే నిన్‌హైడ్రిన్‌ను వేలిముద్రలకు వాడవచ్చని 1954లోనే సూచించారు. గోరింటాకులోని రంగు పదార్థం లాసోన్‌దీ అదే దారి. అరచేయి పండేది కూడా అది చర్మంలోని ప్రోటీనును పట్టుకోవడం వల్లే. ఇది తెలిసి ఉత్సాహంగా ఆకు నూరి రసం పూశాను. కాగితమంతా పండింది, ముద్ర జాడ లేదు! శుద్ధమైన లాసోన్‌ను ద్రావణిలో కరిగించి, కాగితాన్ని ముంచి ఆరబెట్టి, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేశాకే గోధుమ ఊదా గీతలు తేలాయి. తగిన కాంతి వేసి ఫిల్టర్‌లోంచి చూస్తే అవి మెరుస్తాయి కూడా. ఈ పద్ధతిని పరిశోధకులు 2008లో ప్రచురించారు. గార్డెనియా కాయల నుంచి వచ్చే జెనిపిన్ అయితే నీలం గీతలిస్తుంది.

అసలు కేసులో సాక్ష్యం మీద మాత్రం వీటిని ప్రయోగించకండి. ఒకసారి చెడిన ముద్ర మళ్లీ రాదు. నా ఫలితాల్లో లాసోన్ గీతలు నిన్‌హైడ్రిన్ గీతలకన్నా పలచగానే వచ్చాయి.

మీరు ప్రయోగం చేసేటట్లయితే ఒక చిట్కా: పొడి కోసమైతే వేలిని నుదుటికి రుద్ది ముద్ర వేయండి, జిడ్డు దొరుకుతుంది. కాగితం కోసమైతే చేతులు కడుక్కుని, పావుగంట రబ్బరు తొడుగు వేసుకుని, చెమట పట్టాక వేయండి.